ఇనే పొద్దు, చెప్పే పొద్దు

పోయిన నెల నంద్యాలలో ఒక సభకు వెళ్లాను. వక్తలలో ఒకరు, బాగా చదువుకున్నవారే, మైకు ముందు నిలబడి ఒక మాట సెలవిచ్చారు. ఈ ప్రాంతంలో పాతతరం వారికి కొట్లాటే తెలుసు గాని చర్చ తెలియదట. నలుగురు ఒకచోట కూర్చుని ఒకరి అభిప్రాయం ఒకరు వినే సంస్కారం ఇంగ్లీషు చదువుతో పాటే ఇక్కడికి వచ్చిందట. అందుకు ఆధారంగా డిస్కషన్, డిబేట్, డైలాగ్ అనే మాటలను వరుసగా చదివి, వీటికి మన పల్లెల్లో సమానమైన మాటలు ఎందుకు లేవో ఆలోచించుకోండి అన్నారు. సభ చప్పట్లు కొట్టింది. నేను కొట్టలేదు. లేచి జవాబు చెప్పగలిగేవాణ్ణే. కాని విన్ననాడే జవాబు చెప్పడం మా ఇంటి అలవాటు కాదు. ఇంటికి వచ్చి, బడిలో చదివే రోజుల నుంచి నేను రాసి పెట్టుకుంటూ వచ్చిన డైరీలను బీరువాలోంచి దించి, దుమ్ము దులిపి, కావలసిన పుటలు చదువుకున్నాను. ఇది ఆయనకు నా జవాబు.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయిన సంవత్సరం నేను నంద్యాలలో హైస్కూలు చదువుతున్నాను. మా ఊరు ఆళ్లగడ్డకు నడిచిపోగలిగినంత దగ్గర. వారమంతా నంద్యాలలో ఒక అద్దె గదిలో ఉండి, శనివారం సాయంత్రం బస్సెక్కి ఇంటికి పోయేవాణ్ణి. మాకు ఇంగ్లీషు చెప్పిన అయ్యవారికి ఒక నియమం ఉండేది. ఒక ఇంగ్లీషు మాట ఏ పనిని చెబుతుందో ఆ పనిని కళ్లారా చూడనిదే ఆ మాటను మా వ్యాసాలలో వాడనిచ్చేవారు కారు. నిఘంటువులో చూసి రాశామని చెబితే కాగితం మడిచి తిరిగి చేతికిచ్చేవారు.

ఆ ఏడు ఒకసారి మనుషులు మాట్లాడుకోవడానికి సంబంధించిన మాటలన్నీ నల్లబల్ల మీద రాసి, తలా ఒకటి పంచారు. చాట్ ఒకడికి, బార్గెయిన్ ఒకడికి, ఆర్గ్యూ ఒకడికి, పర్సువేడ్ ఒకడికి, నెగోషియేట్ ఒకడికి. వారం లోపల ఊరిలో తిరిగి, నీ మాట ఎక్కడ జరుగుతున్నదో చూసి, చూసింది చూసినట్టు రాసుకొని రావాలి. బట్టల అంగడివారి అబ్బాయికి బార్గెయిన్ వచ్చింది. వాడు ఇల్లు కదలకుండానే రాసుకొచ్చాడు. చాట్ వచ్చినవాడు రైల్వే స్టేషనులో కూర్చుని రెండు బండ్లు వచ్చి పోయేదాకా విన్నాడు. ఆర్గ్యూ వచ్చినవాడు కోర్టు వరండాలో నిలబడి, వకీళ్ల కంటే వాళ్ల కక్షిదారులే బాగా ఆర్గ్యూ చేస్తారని రాశాడు. నెగోషియేట్ వచ్చినవాడు పశువుల సంతకు పోయాడు. అక్కడ దళారులిద్దరు తువ్వాల కప్పుకొని, దాని కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకొని, ఒక్క మాట పైకి అనకుండా ఎద్దుల బేరం ముగించారు. నోరు విప్పనిది మాట్లాడడం ఎట్లవుతుందని తరగతిలో సగంమంది వాదించారు. అయ్యవారు మాత్రం దాన్ని అంగీకరించి, మాట్లాడడమంటే నోటితోనే అని మీకెవరు చెప్పారని అడిగారు.

నాకు వచ్చిన మాట డిస్కస్. దానికి అయ్యవారు రెండు షరతులు పెట్టారు. కూర్చోక ముందే తీర్మానం ఎవరి జేబులోనైనా ఉంటే అది డిస్కషన్ కాదు. లేచేటప్పటికి కనీసం ఒక్కడి అభిప్రాయమైనా కొంత కదలకపోతే అదీ కాదు. ఈ షరతులతో నేను నంద్యాల అంతా తిరిగాను. మార్కెట్టు చూశాను, మునిసిపాలిటీ ఆఫీసు చూశాను, వేసవి సెలవులలో ఏ నాటకం వేయాలో తేల్చుకునే పెద్దమనుషుల దగ్గర కూడా కూర్చున్నాను. అంతటా మాటలున్నాయి గాని, తీర్మానం ముందే జేబులో ఉన్నది. శనివారం ఖాళీ చేతులతో ఊరికి పోయాను. వారమంతా వెతికింది ఆ సాయంత్రమూ, మరునాడు ఆదివారమూ మా ఊరిలో కనిపించింది.

మా వైపు ఊళ్లలో, పది కుటుంబాలకు సంబంధించిన విషయం ఏది వచ్చినా, అది నీళ్ల సంగతి గాని, మేకలు పొలంలో పడిన సంగతి గాని, రెండు పొద్దులు కూర్చోవడం పద్ధతి. మొదటిదాన్ని ఇనే పొద్దు అనేవారు. ఆ పొద్దు ఎవరికి చెప్పుకోవలసింది ఉందో వారే చెబుతారు. తక్కినవారు నోరు మెదపరు. ఇష్టమైనదీ వింటారు, కష్టమైనదీ వింటారు, తువ్వాల దులుపుకొని లేచిపోతారు. మరునాటిది చెప్పే పొద్దు. అప్పుడు మాత్రం ఎవరూ ఊరుకోరు. విన్న వెంటనే జవాబు చెప్పినవాణ్ణి తెలివైనవాడని మెచ్చుకునే ఆచారం మాకు లేదు. అట్లా చెప్పడమంటే, ఎదుటివాడి మాట ఒక రాత్రి ఆలోచించేపాటి విలువ చేయదని మొహం మీద అన్నట్టు. ఇంకొక కారణం కూడా ఉంది. ఆ కూటానికి ఆడవాళ్లు వచ్చేవారు కారు. కాని పొలంలో నాటేది వాళ్లు, కలుపు తీసేది వాళ్లు. విన్నది ఇంటికి తీసుకుపోయి పొయ్యి దగ్గర చెప్పనిదే, మరునాడు మగవాడి నోట వచ్చే మాట ఇంటి మాట అయ్యేది కాదు.

ఇదంతా రాసి తరగతిలో చదివాను. మొదటి రోజు ఎవరూ మాట్లాడరు అన్నచోట పిల్లలు పడిపడి నవ్వారు. అయ్యవారు నవ్వలేదు. మొదటి నుంచి మళ్లీ చదవమన్నారు. అయిపోయాక, "ఒక రాత్రి నిద్రపోయి లేచి వచ్చి చెప్పే జవాబుకు ఇంగ్లీషులో నాకు మాట తెలియదు. దొరికేదాకా డిస్కస్ అనే రాసుకో" అన్నారు. ఆ వాక్యం ఆనాటి నా డైరీలో ఉంది. వక్తగారు చూడదలిస్తే చూపిస్తాను.

తరువాత నేను ట్రైనింగు పూర్తిచేసి ఆళ్లగడ్డలోనే బడిపంతులుగా చేరాను. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి సంవత్సరం వానలు వెనకబట్టి కాలువలో నీళ్లు తగ్గాయి. మా ఊరు పిల్లకాలువకు చిట్టచివర ఉంటుంది. మా పైన, తూముకు దగ్గరగా, మరొక ఊరు ఉంది. దాన్ని ఎగువూరు అంటాను. నీళ్లు తగ్గిన కాలంలో వంతు చివరి నుంచి మొదలుపెట్టడం పాత పద్ధతి. ముందు మా పొలాలు తడిసేవి, ఆ తరువాత ఎగువూరివి. చివర ఉన్నవాడికి మొదటివాడు తాగి మిగిల్చిందే అందుతుంది గనుక, నీళ్లు లేని కాలంలో చివరివాడు ముందు తాగాలి. ఆ ఏడు మా వరి పొట్ట మీద ఉంది. ఆ వంతు తప్పితే ఎన్ను, అంటే కంకి, బయటికి రాదు, వచ్చినా తాలే. మా ఊరిలో ఆ పైరు తప్ప మరొక ఆధారం ఉన్న ఇల్లు ఒకటో రెండో.

అదే సమయంలో కాలువకు కొత్త ఇంజనీరు వచ్చాడు. కృష్ణ ఒడ్డు నుంచి వచ్చిన యువకుడు, మర్యాదస్తుడు. ఆయనను నేను నిందించడం లేదు. మొదటి నుంచి చివరికి నీళ్లిస్తే కాలువ గట్లు తక్కువ నీరు తాగుతాయని ఆయన లెక్క. రెండు ఊళ్ల రైతులను ఆళ్లగడ్డలో ప్రయాణికుల బంగళాకు పిలిపించాడు. బడి విడిచిపెట్టాక నేనూ వెళ్లి మా నాయన వెనక కూర్చున్నాను. ఇంజనీరు నిలబడి తన పద్ధతి అంతా వివరంగా చెప్పాడు. ఇకమీదట వంతు ఎగువ నుంచి మొదలవుతుందన్నాడు. చెప్పి, "ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి, డిస్కస్ చేద్దాం" అన్నాడు.

ఎవరూ మాట్లాడలేదు. మా నాయన తువ్వాల నాలుగు మడతలు వేసి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఇంజనీరు కొంచెంసేపు ఆగాడు, మరొకసారి అడిగాడు. రెండోసారి కూడా అడిగాడన్నది నిజం గనుక రాస్తున్నాను.  ఆయన ముఖం విప్పారింది. ఇంత పద్ధతిగా ఉండే రైతులను ఇంతవరకు చూడలేదని మెచ్చుకున్నాడు. పక్కన కూర్చున్న గుమస్తా ఇంగ్లీషులో రాసి పైకి చదివాడు: విషయం రైతులతో డిస్కస్ చేయడమైనది, అందరూ అగ్రీ అయినారు.

నాకు ఒళ్లు మండింది. లేవబోయాను. మా నాయన వెనక్కి తిరగకుండానే నా చేయి పట్టుకొని, "ఈ పొద్దు ఇనే పొద్దు. కూచో" అన్నాడు. గుమస్తా చదివిన ఇంగ్లీషు వాక్యం ఆయనకు అర్థం కాలేదు. అర్థమైనా అంతే చేసి ఉండేవాడు. కొత్తగా వచ్చిన అధికారిని అతని మాట పూర్తయిన నిమిషానికే కాదనడం, మావాళ్ల లెక్కలో, ఇంటికి వచ్చినవాణ్ణి గడపలోనే నిలబెట్టడం వంటిది. అందరూ ఇంజనీరుకు దండం పెట్టి, రేపు మళ్లీ ఇక్కడే అని తమలో తాము అనుకొని, ఎవరి ఊరికి వారు పోయారు.

ఆ సాయంత్రం మా అమ్మ సంగటి పెడుతూ బంగళాలో విన్నదంతా మా నాయన నోట విన్నది. ఆయన తినడం అయ్యేదాకా ఏమీ అనలేదు. చేయి కడుక్కున్నాక అన్నది.

"ఎగువూరోళ్లు ఎప్పుడూ అడిగేదాంట్లో తప్పేం లేదు. నాట్లప్పుడు వాళ్లకు మునుగా కావాల. మడి తడవంది ఎట్ల నాటుతారు? ఎన్ను తీసేటప్పుడు మనకు మునుగా కావాల. రెండూ ఒగేసారి రావు గదా."

"ఆ ఊరోళ్లు ఒప్పుకోరు" అన్నాడు మా నాయన.

"అడిగితివా?"

"లేదు."

"అడగంది నీకెట్ల తెలిసె?"

మా నాయన పడుకోవడానికి లేచాడు. కాని మరునాడు పొద్దున బయలుదేరేటప్పుడు ఆయన పెదవులు కదులుతుండడం చూశాను. ఆమె మాటను ఆయన తన మాటగా చేసుకుంటున్నాడు.

బంగళాకు పోయేసరికి తాళం వేసి ఉంది. ఆ తాళాన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు. ఎగువూరి రైతులు అప్పటికే మెట్ల మీద కూర్చుని ఉన్నారు. సారు స్నానానికి పోయి ఉంటాడని ఒకరు, టిఫినుకు పోయి ఉంటాడని ఒకరు అనుకున్నారు. ఆయన రాడేమో అన్న అనుమానం ఎవరికీ రాలేదు. తన మాట చెప్పినవాడు జవాబు వినకుండా పోతాడని వాళ్లు ఊహించలేదు. పొద్దు నడినెత్తికి వచ్చింది. అప్పుడు తూములు తెరిచి మూసే లస్కరు సైకిలు మీద వచ్చి, సారు పొద్దున్నే నంద్యాల ఆఫీసుకు పోయాడని, ఎల్లుండి నుంచి చివరి ఊరి తూము మూసి ఎగువూరికి ముందు ఇమ్మని ఉత్తరువు అయిందని చెప్పాడు. చెప్పడానికి వాడికి నోరు రాలేదు. వాడిదీ మా ఊరే.

మెట్ల మీద ఎగువూరి పెద్దాయన ఉన్నాడు. మా నాయన కంటే పెద్దవాడు, గట్టి నోరు, కాలువ గట్టు మీద మా నాయనతో ఎన్నోసార్లు కలబడినవాడు. ఆయన లేచి పంచె దులుపుకున్నాడు.

"సరేలేప్పా. నీళ్లు నాకు వచ్చె. ఇంటికి పోయి పండుకుంటా" అన్నాడు.

మావాళ్లు తలలు వంచుకున్నారు. ఆయన రెండు మెట్లు దిగి నిలబడ్డాడు. వెనక్కి తిరిగి తాళం వంక చూశాడు. మళ్లీ మెట్లెక్కాడు.

"చెప్పే పొద్దు కాకుండా నీళ్లు పెట్టుకుంటే దాన్ని ఏమంటారు? రేపు నా మనవడు అడిగితే దొంగిలించినా అని చెప్పాల్నా?" అని, మా నాయన వైపు చూసి, "ఇంగా కూచుండావేంది? లెయ్. బస్సు పోతాది" అన్నాడు.

ఈ ఒక్క మాట చాలు వక్తగారికి. నోటికాడికి వచ్చిన లాభాన్ని, అవతలివాడి జవాబు వినలేదన్న ఒక్క కారణంతో పక్కకు తోసినవాడు ఆయన. ఒక్క ఇంగ్లీషు అక్షరం రానివాడు.

ఆయన, మా నాయన, ఇంగ్లీషు వచ్చినవాణ్ణని నేను, ముగ్గురం నంద్యాల బస్సెక్కాము. దారి పొడుగునా ఆయన మా నాయనను వేధిస్తూనే ఉన్నాడు. కొడుకును చదివించడానికి అమ్మిన ఎద్దుల సంగతి ఎత్తాడు. ఆ ఎద్దులే ఉంటే ఇంకో మడి దున్నుకునేవాడివి గదా అన్నాడు. "పిల్లోల్లకు పాఠం చెప్పే ఇంగిలీసు, ఆ ఇంజనీరు సారు ముందర నిలబడతాదా అంట?" అని బస్సంతా వినేటట్టు అడిగాడు. "నిలబడకుంటే కూచుంటాది. నోరైతే మూసుకోదు" అన్నాడు మా నాయన. కండక్టరు కూడా నవ్వాడు. నేను కిటికీ వైపు తిరిగి, చెప్పవలసిన మూడు వాక్యాలను నంద్యాల వైపు పోయే బండ్లను చూస్తూ మనసులో కట్టుకుంటున్నాను.

ఆఫీసులో ఇంజనీరు మమ్మల్ని చూసి ఆశ్చర్యపోయాడు. నిన్న అందరూ ఒప్పుకున్నారు గదా, రెండుసార్లు అడిగాను గదా అన్నాడు. ఆయన గొంతులో కోపం కంటే నొప్పి ఎక్కువగా ఉంది. మంచిగా ఉన్నారనుకున్నవాళ్లు మాట తప్పారని ఆయన అనుకున్నాడు. మా నాయన నా వంక చూశాడు. నేను నిలబడి ఇంగ్లీషులోనే చెప్పాను. నిన్న మీరు మాకు ఇన్‌ఫార్మ్ చేశారు. మేము వినవలసిన మర్యాదతో విన్నాము. డిస్కస్ చేయడానికి ఈ ఉదయం అందరం వచ్చాము, బంగళాకు తాళం వేసి ఉంది.

ఆయన చేతిలోని కలం బల్ల మీద పెట్టాడు. ఒప్పుకోనప్పుడు అడిగిన వెంటనే ఎందుకు చెప్పలేదని అడిగాడు. మీ మాటను తేలికగా తీసుకోలేదు గనుక అన్నాను. ఆపైన తెలుగులో, ఇనే పొద్దు అంటే ఏమిటో, చెప్పే పొద్దు అంటే ఏమిటో, హైస్కూలులో అయ్యవారి ముందు చదివినట్టే మొదటి నుంచి చెప్పాను. తీర్మానం ముందే జేబులో ఉంటే అది డిస్కషన్ కాదన్న షరతు కూడా చెప్పాను. అది చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం పెరిగింది. పెరగవలసిందే.

అప్పుడు ఎగువూరి పెద్దాయన ముందుకు వచ్చాడు.

"సార్, మీ ఉత్తరువు నాకు లాభం. అయినా నేనే అడుగుతాండా. వచ్చి కూచోండి. వీళ్లతో కొట్లాడి నేనే గెలుస్తా. మీరు రాసిచ్చి గెలిపియ్యొద్దు."

ఇంజనీరు ఆయనను, మా నాయనను, నన్ను మార్చి మార్చి చూశాడు.  చివరికి, రేపు పొద్దున రండి, చెబుతాను అన్నాడు. మెట్లు దిగుతూ నేను దిగులుపడ్డాను. మా నాయన మాత్రం హాయిగా బీడీ వెలిగించుకున్నాడు. "దిగులెందుకురా? ఈ పొద్దు సారుకు ఇనే పొద్దు. దారికి వచ్చినట్టే" అన్నాడు.

ఆ రాత్రి ఎగువూరి పెద్దాయనకు తెలిసిన ఒక షావుకారి అంగడి అరుగు మీద, వేరుశనగ బస్తాల పక్కన పడుకున్నాము. తూము మూసే రోజుకు మధ్య ఇక ఒక్క రోజే ఉంది. తూము మూస్తే మా పైరు గతి ఏమవుతుందో ఆ అరుగు మీద ఎవరూ ఎత్తలేదు.

మరునాడు ఆఫీసు ముందర జీపు సిద్ధంగా ఉంది. ఇంజనీరు తానే మమ్మల్ని ఎక్కించుకున్నాడు. గుమస్తా రాసిన వాక్యంలో డిస్కస్ అన్న మాటను, అగ్రీ అన్న మాటను కొట్టేసి సంతకం పెట్టినట్టు దారిలో నాతో చెప్పాడు. మరి వాటి స్థానంలో ఏం రాశారని అడిగాను. "మీరు చెప్పిందే. ఇన్‌ఫార్మ్" అన్నాడు. వెనక సీటులో ఎగువూరి పెద్దాయన రెండు చేతులా జీపు కమ్మీ పట్టుకొని, దారిలో కనిపించిన ప్రతివాణ్ణీ పేరు పెట్టి పిలుస్తూ తనను చూడమన్నాడు, రెండు ఊళ్లవాళ్లనూ బంగళాకు రమ్మని చెప్పమన్నాడు.

బంగళా వరండా మీద ఆ పొద్దు జరిగింది వక్తగారు చూసి ఉండవలసింది. మొన్న నోరు మెదపని మనుషులు వాళ్లేనా అని ఇంజనీరు నన్ను చెవిలో అడిగాడు. ఎగువూరివాళ్లు కాలువ తవ్విన నాటి నుంచి లెక్క తీశారు. మావాళ్లు ఏ కరువులో ఎవరు ఎవరికి నీళ్లు వదిలారో చెప్పి తిప్పికొట్టారు. ఒకడు గొంతెత్తి వాదించాడు, ఒకడు బతిమాలాడు, ఒకడు వెక్కిరించాడు, ఇద్దరు వేరే స్తంభం దగ్గరికి పోయి గొంతు తగ్గించి మాట్లాడుకొని వచ్చారు. మా అయ్యవారు నల్లబల్ల మీద రాసిన మాటలన్నీ, నంద్యాలలో మేము వీధి వీధి తిరిగి ఏరుకొచ్చినవన్నీ, ఆ ఒక్క వరండా మీద ఒక్క పూటలో నా కళ్లముందు నడిచాయి. ఒక్కటి కూడా ఇంగ్లీషులో లేదు. ఒక్క దెబ్బ కూడా పడలేదు.

అందరూ అలసిన తరువాత మా నాయన లేచాడు. నాట్లప్పుడు ఎగువకు ముందు, ఎన్ను తీసేటప్పుడు దిగువకు ముందు అన్నాడు. అంతే చెప్పి కూర్చున్నాడు. ఎగువూరి పెద్దాయన ఆయన వంక అనుమానంగా చూశాడు.

"ఈ మాట నీది కాదే. యాడిది?"

"ఇంటిది."

"అట్ల చెప్పు. నీకే ఇంత తెలివి ఉంటే ఇన్నేండ్లు గట్టు మీద నాతో గొంతు చించుకుంటావా?" అన్నాడు. వరండా అంతా నవ్వింది. ఇంజనీరు గుమస్తా వైపు తిరిగి కలం తీయమన్నాడు. పెద్దాయన చేయి అడ్డం పెట్టాడు. "ఉండండి సార్. ఇది కొత్త మాట. ఈ పొద్దు చెవులారా ఇంటిమి. రేపు చెప్తాం. అంతవరకు నీళ్లు పాత వంతే."

ఇంజనీరు జేబు గుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. తరువాత గట్టిగా నవ్వాడు. బంగళా కావలివాణ్ణి పిలిచి, ఈ రాత్రి ఇక్కడే ఉంటానని చెప్పాడు. లస్కరును పిలిచి, తూము మూయవద్దన్నాడు.

మరునాటి పొద్దున ఎగువూరు ఆ మాటకు ఒప్పుకుంది. వాళ్ల ఇళ్లలో కూడా పొయ్యి దగ్గర అదే తేలి ఉంటుందని నా నమ్మకం; అడగలేదు గనుక అంతకంటే రాయను. ఈసారి గుమస్తా డిస్కస్ అని రాస్తుంటే ఇంజనీరు తల తిప్పి నా వంక చూశాడు. నేను తల ఊపాను. జీవితంలో చాలా కాగితాల మీద సంతకాలు చేశాను. నోటితో గాని చేతితో గాని కాక, తల ఊపి ధ్రువపరిచిన మాట అదొక్కటే. అది పెట్టిన సంతకాలన్నింటికంటే నాకు ఎక్కువ.

నీళ్లు మా చివరి మడికి చేరాయి. ముందు పగుళ్లలోకి ఇంకి కనిపించకుండా పోయాయి, తరువాత పగులు మూసుకొని మడి మెరిసింది. వరి ఎన్ను తీసింది. ఆ ఏడు మా ఊరిలో ఏ ఇల్లూ వలస పోలేదు.

ఇంజనీరు మూడేళ్లు ఉన్నాడు. ఆ మూడేళ్లూ ఏ ఊరికి పోయినా, వెలుగోడు వైపు గాని, మా వైపు గాని, రెండు రోజులకు బంగళా రాయించుకొని పోయేవాడు. బదిలీ అయి వెళ్లే ముందు ఒక సాయంత్రం మా పొలం చూడడానికి వచ్చాడు. కంకి పాలు పోసుకుంటున్న కాలం. మా అమ్మ గట్టు మీద గడ్డి కోస్తోంది. ఆయన బూట్లు విప్పి చేత పట్టుకొని గట్టు మీదికి వచ్చి, అమ్మా, నా తరువాత వచ్చే సారుకు చెప్పిపోవాలి, ఈ వంతు ఇట్లాగే ఉంచమనేదా, ఏమైనా మార్చమనేదా అని అడిగాడు.

ఒక ప్రభుత్వోద్యోగి మా అమ్మను ఒక విషయం అడగడం నేను చూడడం అదే మొదలు. ఆమె కొడవలి పక్కన పెట్టింది. కొంగు సర్దుకుంది. ఆయన ముఖం వంక చూసింది, కాలువ వంక చూసింది. ఏమీ అనలేదు.

నేను ఆమె తరఫున ఏదో చెప్పబోయాను. ఇంజనీరు చేయెత్తి నన్ను ఆపాడు.

"రేపు వస్తానమ్మా" అన్నాడు.

మరునాడు పొద్దున్నే వచ్చాడు. మా అమ్మ చెప్పింది.